‘ఆగండి’ అనే గొంతు

2019 జులై 15, అర్ధరాత్రి దాటింది. శ్రీహరికోట నుంచి చంద్రయాన్-2 తెల్లవారుజామున 2 గంటల 51 నిమిషాలకు ఎగరాలి. రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ స్వయంగా అక్కడి ప్రయోగ కేంద్రమైన షార్‌కి వచ్చి ఉన్నారు. సందర్శకుల గ్యాలరీలో జనం నిద్ర మానుకుని కూర్చున్నారు. మా ఇంట్లోనూ పెద్దాచిన్నా అందరం టీవీ ముందు చేరాం. రాకెట్ పై దశలో ద్రవ ఆక్సిజన్, ద్రవ హైడ్రోజన్ నింపడం కూడా అయిపోయింది. అప్పుడు కౌంట్‌డౌన్ గడియారం 56 నిమిషాల 24 సెకన్ల దగ్గర ఆగిపోయింది. టీవీ పాడైందేమో అనుకున్నాం. కాసేపటికి ఇస్రో నుంచి ప్రకటన వచ్చింది. వాహక నౌకలో సాంకేతిక లోపం కనిపించింది, ముందుజాగ్రత్తగా ఈ రోజు ప్రయోగాన్ని రద్దు చేస్తున్నాం అని.

మా పెదనాన్న లేచి పోతూ, “రాష్ట్రపతిని పిలిపించి ఇదేం పనిరా, ముందే చూసుకోవాలి కదా” అన్నారు. ఆ క్షణంలో నాకూ అలాగే అనిపించింది. వారం తిరక్కుండానే లోపం సరిచేసి, జులై 22 మధ్యాహ్నం 2 గంటల 43 నిమిషాలకు అదే రాకెట్‌ని ఎగరేశారు. చంద్రుడి మీద దిగాల్సిన తేదీ పెద్దగా జరగకుండా మధ్యలో ప్రయాణాన్ని సర్దుకున్నారు. సెప్టెంబర్‌లో ల్యాండర్ సరిగా దిగలేకపోవడం వేరే కథ, దానికీ ఆ రాత్రి ఆగడానికీ సంబంధం లేదు. నా మనసులో నిలిచిపోయింది మాత్రం ఆ ఆగిన గడియారమే. దేశాధ్యక్షుడు ఎదురుగా కూర్చుని, దేశమంతా టీవీల ముందు ఉన్నప్పుడు, “ఈ రోజు వద్దు” అనడానికి ఎంత గుండె కావాలి? ఆ గుండె ఒక మనిషిదా, లేక అక్కడ ముందునుంచే ఏదైనా ఏర్పాటు ఉందా?

ఆగడం గురించి మన భాషలో రెండు సామెతలు ఎదురెదురుగా నిలబడి ఉంటాయి. ఒకటి ‘నిదానమే ప్రధానం’ అంటుంది. రెండోది ‘ఆలస్యం అమృతం విషం’ అంటుంది. రెండూ మన అమ్మమ్మలు, నాన్నమ్మలు చెప్పినవే, రెండూ నిజమే. ఇప్పుడు ఆఫీసుల్లో జరిగే నాయకత్వ శిక్షణ తరగతులన్నీ మొదటి సామెత పక్షాన నిలబడి, “నిర్ణయం తీసుకునే ముందు ఒక్క క్షణం ఆగండి, ఊపిరి పీల్చుకోండి, ఆ క్షణంలో ఉండండి” అని చెబుతాయి. సలహా మంచిదే. కానీ కింద ఇరవై మంది, పైన ముగ్గురు బాసులు, చేతిలో గడువు ఉన్న మనిషికి ఆ మాట సగమే పనికొస్తుంది. ఎప్పుడు ఆగాలి, ఆపే హక్కు ఎవరికి ఉండాలి, ఆగిన ఆ కాసేపట్లో పెద్దవాడు ఏం చేయాలి అన్నదే అసలు చిక్కుముడి. అది విప్పడానికి రాకెట్ ప్రయోగాలంత మంచి చోటు ఇంకోటి నాకు కనిపించలేదు. అక్కడ ఆగడానికి ఒక పేరుంది, ఒక పద్ధతుంది, జరిగిందంతా రికార్డులో ఉంటుంది.

ఆ పేరు ‘హోల్డ్’. అమెరికా స్పేస్ షటిల్ రోజుల్లో కౌంట్‌డౌన్‌లో కొన్ని హోల్డ్‌లను ముందే రాసి పెట్టుకునేవారు. ఏ లోపమూ లేకపోయినా గడియారం ఆగేది. ఇంకా 9 నిమిషాలు ఉందనగా వచ్చే హోల్డ్ మామూలుగా 40 నిమిషాల దాకా సాగేది. ఆ సమయంలో మిగిలిపోయిన పనులు చక్కబెట్టుకుని, చివర్లో లాంచ్ డైరెక్టర్ ఒక్కొక్క విభాగాన్నీ పేరుపెట్టి అడిగేవారు: వెళ్దామా, వద్దా? ప్రతివాళ్లూ నోరు తెరిచి జవాబు చెప్పాల్సిందే. మౌనం అంగీకారం కింద లెక్కకు రాదు.

ఇందులో ఒక తెలివి ఉంది. మనసు నిమ్మళంగా ఉన్న రోజున కూర్చుని, టెన్షన్ పెరిగే రోజు కోసం ఆగాల్సిన చోట్లను ముందే రాసిపెట్టుకున్నారు. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఆగాలని గుర్తు రాదు, గుర్తొచ్చినా ధైర్యం చాలదు. అందుకే ఆ భారాన్ని మనిషి స్వభావం మీద వదిలేయకుండా పనిలోనే కలిపేశారు. బండి తోలేవాడి ఓర్పు మీద నమ్మకం పెట్టుకోకుండా ఊరి మొదట్లో స్పీడు బ్రేకరు వేసినట్టు.

అయితే స్పీడు బ్రేకరు ఉన్నా ఎగిరి దూకేవాళ్లు ఉంటారు. చంద్రయాన్-2కి నలభై ఏళ్ల ముందు, అదే శ్రీహరికోటలో అలాంటిదే జరిగింది.

1979 ఆగస్టు 10. మన దేశపు మొదటి ఉపగ్రహ వాహక నౌక ఎస్‌ఎల్‌వీ-3. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, నాలుగు దశలు. మిషన్ బాధ్యత అబ్దుల్ కలామ్‌ది. కౌంట్‌డౌన్ చివరి ఘట్టంలో కంప్యూటర్ ప్రయోగాన్ని ఆపేసింది. ఆ తర్వాత ఏం జరిగిందో కలామ్ తన జీవితాంతం ఎన్నో సభల్లో దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ఆయన వెనక నిపుణులు ఉన్నారు. సమాచారం చూశారు. రెండో దశ నియంత్రణ వ్యవస్థలో లీకేజీ కనిపిస్తోంది. లెక్కలు వేసి, కారిపోయింది పోగా మిగిలింది సరిపోతుందని చెప్పారు. కలామ్ కంప్యూటర్‌ని పక్కన పెట్టి ప్రయోగానికి ఆదేశమిచ్చారు. మొదటి దశ చక్కగా పనిచేసింది. రెండో దశ అదుపు తప్పింది. 317 సెకన్లకు, తీరానికి 560 కిలోమీటర్ల దూరంలో రాకెట్ బంగాళాఖాతంలో పడిపోయింది. నియంత్రణకు కావాల్సిన నైట్రిక్ ఆమ్లం కారిపోవడం వల్ల రెండో దశను పట్టి నిలిపే శక్తి లేకపోయిందని తర్వాత తేలింది.

ఈ ఘటన గురించి ఆలోచించినప్పుడల్లా ఒక విషయం నన్ను ఆపుతుంది. అక్కడ నిర్లక్ష్యం లేదు. గడియారం ఆగింది, నిపుణులను అడిగారు, లెక్కలు వేశారు. బయటనుంచి చూస్తే ఆగి ఆలోచించినట్టే. కానీ ఆ కాసేపట్లో వాళ్లు వేసుకున్న ప్రశ్న ‘మిగిలింది సరిపోతుందా?’ అన్నది. ‘అసలు ఎందుకు కారుతోంది?’ అన్న ప్రశ్నకు ఆ గదిలో చోటు దొరకలేదు. మొదటి ప్రశ్న ప్రయోగాన్ని ముందుకు తోసే ప్రశ్న, రెండోది ఆపే ప్రశ్న. కాళ్లు ఆగినా మనసు అప్పటికే ఎగిరిపోయి ఉంటే, మనకు తోచే ప్రశ్నలన్నీ మొదటి రకంవే అవుతాయి. ఇంట్లో పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక అబ్బాయి గురించి ఏదైనా తెలిస్తే, మనం విచారించేది నిజం తెలుసుకోవడానికా, సర్దిచెప్పుకోవడానికా అన్నది ఒక్కసారి గుర్తు చేసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది.

ఆ తర్వాత జరిగింది మనందరికీ తెలిసిన కథే, వాట్సాప్‌లో వందసార్లు వచ్చి ఉంటుంది. విలేకరుల ముందుకి వెళ్లాలంటే కలామ్‌కి భయం. ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి, తానే మాట్లాడారు. ఈసారి విఫలమయ్యాం, నా బృందం మీద నాకు నమ్మకముంది, వచ్చే ఏడాదికి సాధిస్తాం అన్నారు. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 మళ్లీ ఎగిరి, 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు ధావన్ విలేకరుల సమావేశానికి కలామ్‌నే వెళ్లమన్నారు. ఓటమి తాను తీసుకున్నారు, గెలుపు కింది మనిషికి ఇచ్చారు.

ఈ కథని మనం పెద్దమనసు కథగా చెప్పుకుంటాం. పెద్దమనసే, కాదనను. కానీ దాంట్లో ఇంకో పని కూడా జరిగింది, అది మన చర్చకు చాలా ముఖ్యం. ఆ రోజు ధావన్ వేలెత్తి “కంప్యూటర్ వద్దన్నా ఇతనే పంపాడు” అని ఉంటే, వినేవాళ్లకు అది న్యాయంగానే తోచేది. కానీ ఆ తర్వాతి కౌంట్‌డౌన్‌లో కన్సోల్ ముందు కూర్చున్న ప్రతి ఇంజినీరూ తన సందేహాన్ని తనలోనే దాచుకునేవాడు. రేపు నా పేరు పేపర్లో వస్తుందేమో అన్న భయం ఉన్నచోట ఎవరూ నోరు విప్పరు. “ఆగండి” అనే గొంతు ఆపద వచ్చిన క్షణంలో పుట్టదు. అంతకుముందు తప్పు జరిగినప్పుడు పెద్దవాడు ఏం చేశాడన్నదాన్ని బట్టే అది పలుకుతుంది, లేదా మూగబోతుంది. శ్రీహరికోట కేంద్రానికి ఇప్పుడు ధావన్ పేరే ఉంది. చంద్రయాన్-2 గడియారం ఆగింది ఆ పేరున్న ప్రాంగణంలోనే.

2023 అక్టోబర్ 21 కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మనుషుల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ కోసం, ప్రమాదం వస్తే వ్యోమగాములను తప్పించే వ్యవస్థ మీద మొదటి పరీక్ష. ఉదయం 8 గంటలకు అనుకున్నది వాతావరణం వల్ల 8:30కి, ఆపైన 8:45కి వాయిదా పడింది. ఇంకా 5 సెకన్లు ఉందనగా కంప్యూటర్ ఆపేసింది. ఈసారి కంప్యూటర్ని ఎవరూ పక్కన పెట్టలేదు. అప్పటి ఛైర్మన్ ఎస్. సోమనాథ్ వచ్చి, ఇంజిన్ అనుకున్నట్టు రాజుకోలేదు, వాహనం క్షేమంగా ఉంది, దగ్గరికి వెళ్లి చూసి చెబుతాం అన్నారు. చూశారు, సరిచేశారు, 10 గంటలకు ఎగరేశారు, పరీక్ష విజయవంతమైంది. 5 సెకన్ల దగ్గర ఆగడం కంటే ఆ తర్వాత ఆయన మాట్లాడిన తీరు నాకు ఎక్కువ నచ్చింది. సాకు లేదు, సంజాయిషీ లేదు. ఏం జరిగిందో అంతే చెప్పి పనిలోకి వెళ్లిపోయారు.

ఇక ఆగి కూడా చెడిన కథ. ఇది తెలిసిన దగ్గర్నుంచి ‘ఒక్క క్షణం ఆగితే చాలు’ అన్న మాటని నేను నమ్మడం మానేశాను.

1986 జనవరి 27 రాత్రి. మర్నాడు ఫ్లోరిడా నుంచి ఛాలెంజర్ షటిల్ ఎగరాలి. ఏడుగురు వ్యోమగాములు, వాళ్లలో ఒకరు స్కూలు టీచరు. ప్రయోగం అప్పటికే పలుమార్లు వాయిదా పడింది. ఆ రాత్రి చలి గడ్డకట్టే స్థాయి కంటే బాగా కిందికి పోతుందని వాతావరణ సూచన. షటిల్ పక్కనుండే ఘన ఇంధన బూస్టర్లను తయారు చేసే థయోకోల్ కంపెనీ ఇంజినీర్లకు గుబులు పట్టుకుంది. బూస్టర్ ముక్కల మధ్య అతుకుల్లో రబ్బరు వలయాలుంటాయి. చలికి రబ్బరు బిరుసెక్కి, సందుని వెంటనే పూడ్చలేదు. యూటాలో కంపెనీ, అలబామాలో నాసా కేంద్రం, ఫ్లోరిడాలో ప్రయోగ కేంద్రం, మూడు చోట్ల నుంచి టెలికాన్ఫరెన్స్ జరిగింది. 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 12 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉంటే పంపొద్దని థయోకోల్ చెప్పింది. నాసా అధికారులకు ఆ మాట రుచించలేదు. “మరి ఎప్పుడు పంపమంటారు, వచ్చే ఏప్రిల్‌లోనా?” అని ఒకాయన విసుక్కున్నారు.

అప్పుడు థయోకోల్ వాళ్లు ఐదు నిమిషాలు సమయం అడిగారు. లైన్ మ్యూట్ చేసుకుని తమలో తాము మాట్లాడుకోవడానికి. ఆ ఐదు నిమిషాలు అరగంట దాకా సాగింది. గమనించండి, ఇది అచ్చంగా ఆగడమే. పుస్తకాల్లో చెప్పినట్టే, నిర్ణయానికి ముందు ఆగి, బయటి ఒత్తిడి నుంచి పక్కకి తప్పుకుని, ప్రశాంతంగా మాట్లాడుకునే అవకాశం.

ఆ అరగంటలో ఏం జరిగిందో తర్వాత విచారణ కమిషన్ ముందు ఇంజినీర్లు చెప్పారు. ఆర్నాల్డ్ థాంప్సన్ అనే ఇంజినీరు తన కుర్చీలోంచి లేచి, బల్ల చివర కూర్చున్న మేనేజర్ల దగ్గరికి నడిచి వెళ్లి, నోట్‌ప్యాడ్ వాళ్ల ముందు పెట్టి, అతుకు బొమ్మ గీసి చూపించడం మొదలుపెట్టాడు. ఎవరూ పట్టించుకోవడం లేదని అర్థమయ్యాక ఆపేసి వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. రోజర్ బోజోలీ అనే మరో ఇంజినీరు, పాత ప్రయోగాల్లో అతుకుల నుంచి మసి ఎలా బయటికి వచ్చిందో ఫొటోలు చూపించి బతిమాలాడు. అదీ అంతే. చివరికి పెద్ద మేనేజర్, ఇంజినీరింగ్ విభాగం అధిపతిగా ఉన్న మనిషి వైపు తిరిగి, “నీ ఇంజినీరు టోపీ తీసి మేనేజ్‌మెంట్ టోపీ పెట్టుకో” అన్నాడు. నలుగురు మేనేజర్లు ఓటేశారు. ఇంజినీర్లను అడగలేదు. లైన్ మళ్లీ కలిపి, పంపొచ్చని చెప్పారు. మర్నాడు ప్రయోగ సమయానికి ఉష్ణోగ్రత 2 డిగ్రీల సెల్సియస్. 73 సెకన్లకు ఛాలెంజర్ ముక్కలైంది. ఏడుగురూ చనిపోయారు. ప్రయోగానికి తుది అనుమతి ఇచ్చిన అధికారులకు ఈ టెలికాన్ఫరెన్స్ సంగతే చేరలేదని కమిషన్ తేల్చింది.

నోట్‌ప్యాడ్ పట్టుకుని నడిచి వెళ్లిన ఆ మనిషి నా కళ్లముందు నుంచి పోడు. నాలుగడుగుల దూరంలో నలుగురు కూర్చుని ఉన్నారు. గది ఒకటే, బల్ల ఒకటే. కానీ వాళ్లు అక్కడ లేరు. ఒకరి మనసు నాసా కాంట్రాక్టు మీద ఉండొచ్చు, ఇంకొకరిది లైన్ అవతల విసుక్కున్న అధికారి మీద ఉండొచ్చు. ‘ఆ క్షణంలో ఉండటం’ అంటే కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెట్టుకోవడం అని అనుకుంటాం. నాయకుడి విషయంలో దాని అర్థం ఇంకా ముతకది, ఇంకా కష్టమైనది. ఎదురుగా కాగితం పట్టుకుని నిలబడ్డవాడిని చూడటం. వాడు గీస్తున్న బొమ్మ పూర్తయ్యేదాకా ఆగడం. “ఇంకోసారి చెప్పు” అనడం.

ఇదంతా రాకెట్ల గొడవ, మాకెందుకు అనుకునేవాళ్ల కోసం క్లాసురూమ్ సంగతి ఒకటి చెబుతాను. మేరీ బడ్ రో అనే అమెరికా పరిశోధకురాలు 1970ల ప్రాంతంలో టీచర్ల పాఠాలు రికార్డు చేసి విన్నారు. టీచరు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఎంతసేపు ఆగుతున్నారు? దాదాపు ఒక సెకను. ఆపైన తామే జవాబు చెప్పేయడమో, ఇంకో పిల్లాడిని లేపడమో చేస్తున్నారు. అదే ఆగడాన్ని 3 సెకన్లకు పెంచమని నేర్పిస్తే, పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు మెదపని పిల్లలు కూడా మాట్లాడారు. తేడా రెండు సెకన్లే.

మన ఆఫీసుల్లో మీటింగు చివర “ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా?” అని అడిగే బాస్‌ని ఈసారి గడియారం పెట్టి చూడండి. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆయన ల్యాప్‌టాప్ మూత పడుతుంటుంది. అడిగాడు కాబట్టి అడిగినట్టు, ఎవరూ చెప్పలేదు కాబట్టి ఎవరికీ సందేహం లేనట్టు. నేను కూడా ఒకప్పుడు అలాగే చేశాను. ఒక చిన్న బృందాన్ని నడుపుతూ, పని పూర్తయ్యాక మా అమ్మాయి ఒకరు “నాకు ఆ రోజే అనుమానం వచ్చింది సార్” అంటే, “మరి చెప్పలేదేమ్మా?” అని అడిగాను. ఆమె ఏమీ అనలేదు. ఆ మౌనమే జవాబు అని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

ఆసుపత్రుల అనుభవం ఈ ముడిని ఇంకొంచెం వదులు చేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్ థియేటర్ల కోసం 19 అంశాల జాబితా ఒకటి తెచ్చింది. దాని ప్రకారం మూడుసార్లు ఆగాలి. మత్తు ఇచ్చే ముందు ఒకసారి, కోత పెట్టే ముందు ఒకసారి, రోగిని బయటికి తీసుకెళ్లే ముందు ఒకసారి. రెండోదాన్ని ‘టైమ్ అవుట్’ అంటారు. సర్జన్, మత్తు డాక్టరు, నర్సు, అందరూ చేతిలో పని ఆపి, తమ పేరు, తమ పని చెప్పుకోవాలి. ఈ రోగి ఎవరు, ఏ ఆపరేషన్, ఏ వైపు అన్నది పైకి చెప్పుకోవాలి. యాంటీబయాటిక్ గంటలోపు ఇచ్చామా అని చూసుకోవాలి. ఢిల్లీ సహా 8 నగరాల్లోని ఆసుపత్రుల్లో ఇది ప్రయత్నిస్తే, మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి, తీవ్రమైన ఇబ్బందులు 11 శాతం నుంచి 7 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. మందు లేదు, మిషను లేదు, కాసేపు ఆగి మాట్లాడుకోవడమే.

తర్వాత కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 101 ఆసుపత్రుల్లో ఇలాంటి జాబితాలనే అమల్లోకి తెచ్చారు. 2014లో ఫలితాలు చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. జాబితా అలాంటిదే, ఆగడం అదే. ఎందుకిలా అన్నదానిపై వైద్యుల్లో పెద్ద చర్చే జరిగింది, అభిప్రాయాలు చాలా ఉన్నాయి. జాబితాని నిజంగా వాడటానికీ, గళ్లలో టిక్కులు పెట్టి పైకి పంపడానికీ మధ్య ఉన్న తేడా అందులో ఒకటి, నాకు నమ్మబుద్ధయ్యేదీ అదే. సర్జన్ చేతులు కడుక్కుంటూ “కానీయండి, కానీయండి” అంటుంటే నర్సు గబగబా చదివేస్తే, అది ఆగడం కాదు, పూజారి హడావుడిలో మింగేసిన మంత్రం.

జపాన్‌లో టొయోటా కార్ల కర్మాగారంలో అసెంబ్లీ లైన్ పక్కనే ఒక తాడు ఉంటుందని చాలామంది విని ఉంటారు. ఏ కార్మికుడైనా తేడా కనిపిస్తే లాగొచ్చు. తాడు లాగగానే లైన్ ఆగిపోదన్న సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. ముందు దీపం వెలుగుతుంది, టీమ్ లీడర్ ఆ కార్మికుడి దగ్గరికి నడిచి వస్తాడు. కారు ఆ స్టేషన్ దాటేలోగా ఇద్దరూ కలిసి సరిచేయగలిగితే లైన్ ఆగకుండా సాగిపోతుంది, లేకపోతేనే ఆగుతుంది. తాడు మొదట పిలిచేది మనిషిని. ఆ ఏర్పాటులో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. పిలిచిన చోటికి పెద్దవాడే వస్తాడు. క్యాబిన్‌లోకి రమ్మనడు.

ఇప్పుడు ఆ రెండు సామెతల దగ్గరికి తిరిగి వద్దాం. ఆగడానికీ నాన్చడానికీ తేడా ఎక్కడుంది? హోల్డ్‌కి ఒక కారణం ఉంటుంది, దాన్ని ఎవరు చెప్పారో తెలుసు, ఏం చూస్తే మళ్లీ మొదలవుతుందో తెలుసు. నాన్చడానికి ఇవేవీ ఉండవు. ఫైలు బల్ల మీద ఉంటుంది, “చూద్దాం” అంటారు, ఏం చూస్తారో వాళ్లకే తెలియదు. చంద్రయాన్-2 ఆగిన వారంలో ప్రతి గంటా పని జరిగింది. కాబట్టి అమృతం విషం కాలేదు. కొన్నిసార్లు అసలు ఆగకూడదు కూడా. ఇల్లు అంటుకున్నప్పుడు నీళ్ల బిందె అందుకోవాలి, అభిప్రాయాలు అడగకూడదు. ఆగాల్సిన చోట్లు ముందే తెలిసి ఉంటే, ఆగకూడని చోట అనుమానం లేకుండా కదలొచ్చు.

ఇంత రాశాక, ఈ విషయం నాకు మొదట ఎక్కడ అర్థమైందో చెప్పాలి. శ్రీహరికోటలో కాదు, మా పొలాల గట్టు మీద.

మా నాన్న కరెంటు ఆఫీసులో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. కరెంటు పనిలో ‘ఎల్‌సీ’ అన్న మాట ఊళ్లల్లో అందరికీ తెలుసు. లైన్ క్లియర్. స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకోవాలి. అవతల ఆపరేటర్ ఆ ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఆ వైపు వచ్చే లైన్ ఆపి, ఆపానని చెప్పాలి. పని అయ్యాక ఎల్‌సీ తిరిగి ఇచ్చేస్తేనే మళ్లీ కరెంటు ఇస్తారు. ఎల్‌సీ తీసుకోకనో, ఒక ఫీడర్‌కి బదులు ఇంకోటి ఆపో పోయిన ప్రాణాల వార్తలు జిల్లా పేజీల్లో మీరూ చదివే ఉంటారు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు, ఒక వేసవి సాయంత్రం గాలివాన వచ్చి 11 కేవీ లైన్ మీద ఇన్సులేటర్ పగిలింది. నాన్న వెనక బండెక్కి టార్చిలైటు పట్టుకోవడానికి నేనూ వెళ్లాను. ఊరంతా చీకటి. స్తంభం దగ్గర పాతికమంది చేరారు. పెళ్లివారి ఇల్లు ఒకటుంది, వాళ్ల తాలూకు మనుషులు గట్టిగానే మాట్లాడుతున్నారు. నాన్న ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకున్నారు. ఫీడర్ పేరు తాను చెప్పి, అవతలివాడితో తిరిగి చెప్పించుకున్నారు. ఇక్కడా కరెంటు దారి తెగేలా స్విచ్ తెరిచారు. ఎక్కడానికి ఉన్నది ఇరవై రెండేళ్ల జూనియర్ లైన్‌మన్. నడుముకి బెల్టు కట్టుకున్నాడు, గ్లోవ్స్ వేసుకున్నాడు. మొదటి అడుగు వేయబోయి ఆగి, “సార్, ఆ మూల ఇంట్లో లైటు వెలుగుతోంది” అన్నాడు.

అందరం చూశాం. నిజమే, చెట్ల చాటున పసుపు రంగు వెలుతురు. జనంలోంచి ఎవరో “అది ఇన్వర్టర్ అయ్యుంటుందయ్యా, ఎక్కు” అన్నారు. ఇంకొకరు భయపడుతున్నాడని నవ్వారు. నాన్న వాళ్ల వైపు చూడలేదు. కుర్రాడినే చూసి, “ఏ ఇల్లు? చూపించు” అన్నారు. బెల్టు విప్పమన్నారు. ఇద్దరూ బురదలో ఆ ఇంటిదాకా నడిచి వెళ్లారు. నేను టార్చి పట్టుకుని వెనకాలే. ఇంటివాళ్లు తలుపు తీసి చూపించారు. ఇన్వర్టరే. కొత్తగా కొన్నారట. దాని కరెంటు బయటి తీగల్లోకి ఎదురు రావడం లేదని మెయిన్ దగ్గర చూసుకున్నారు. వెనక్కి వచ్చి మళ్లీ సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, ఫీడర్ పేరు మళ్లీ చెప్పించుకున్నారు. పొరపాటున కరెంటు వచ్చినా నేలలోకి పోయేలా ఎర్త్ రాడ్లు తీగలకు తగిలించారు. ఇదంతా అయ్యేసరికి నలభై నిమిషాలు పోయింది. పెళ్లివారిలో ఒకాయన నాన్నని అనకూడని మాట అన్నాడు. నాన్న పలకలేదు.

కుర్రాడి ముఖం మాత్రం మాడిపోయింది. అనవసరంగా ఆపానని వాడి బాధ. “సారీ సార్, ఇన్వర్టరే” అన్నాడు. నాన్న వాడి బెల్టు కొక్కెం తన చేత్తో లాగి చూస్తూ, “కాకపోయుంటే?” అన్నారు. కాసేపాగి, “రేపు కూడా లైటు కనిపిస్తే చెప్పు. ఎల్లుండి కూడా చెప్పు” అన్నారు. వాడు తలూపి ఎక్కాడు. నేను టార్చి పైకి పట్టాను. పగిలిన పింగాణీ ముక్కలు ఒక్కొక్కటే కింద బురదలో పడుతున్నాయి. జనం అరుస్తూనే ఉన్నారు. వాడు దిగేదాకా నాన్న స్తంభం మొదట్లోంచి కదల్లేదు, తల దించలేదు.